చింతగింజలతో పోకర్



పోకర్ అనే మాట మీరు విని ఉండకపోవచ్చు. మీ ఇంట్లో ఫోన్ పట్టుకుని కూర్చునే పిలగాడు మాత్రం విని ఉంటాడు. పోకర్ అంటే పేకాట. రమ్మీ లాంటిదే, కాని రమ్మీ కాదు. మూడు ముక్కలాటకు దగ్గరి చుట్టం. దాన్ని ఫోన్‌లో ఆడితే ఆన్‌లైన్ పోకర్ అంటారు.

సూర్యాపేట మార్కెట్ యార్డులో ధాన్యం అమ్మే రైతు దగ్గర ఫోన్ ఉంది. కోదాడ రోడ్డు మీద లారీ నడిపే డ్రైవర్ దగ్గర ఉంది. మిర్యాలగూడ రైసు మిల్లులో బస్తాలు మోసే హమాలీ దగ్గర కూడా ఉంది. ఆ ఫోన్‌లోనే బ్యాంకు ఉంది. పేకాట కూడా అందులోకే వచ్చి కూర్చుంది. వెనుకట పేకాట ఆడాలంటే తోటలోకో, గుట్ట చాటుకో పోవాలి. ఎవరో ఒకరు చూసేవారు. "మీ ఆయన మామిడితోటలో కూర్చున్నాడు" అని వచ్చి చెప్పేవారు. ఇప్పుడు పక్క మంచం మీద పడుకుని ఆడుతున్నా మనకు తెలియదు.

అందుకే ఆ ఆట ఏమిటో మనకు తెలియాలి. తెలియకుండా అడిగితే ఇంట్లో ఏమంటారు? "నీకేం తెలుసు, ఊరుకో" అంటారు. తెలిసి అడిగితే ఆ మాటకు బలం ఉంటది. కాబట్టి ముందు ఆట నేర్చుకుందాం. పైసలతో కాదు, చింతగింజలతో.

ఒక పేక కట్ట తీసుకోండి. జోకర్లు తీసి పక్కన పెట్టండి. 52 ముక్కలు మిగులుతాయి. వాటిలో నాలుగు జాతులు. ఇస్పేటు, ఆఠీను, డైమన్, కళావరు. ఒక్కో జాతికి 13 ముక్కలు. 2 నుంచి 10 దాకా అంకెలు. తర్వాత జాకీ, రాణి, రాజు. అన్నిటికంటే పెద్దది ఆసు.

నలుగురు కూర్చోండి. మధ్యలో ఒక తువ్వాల పరవండి. ఒక్కొక్కరు 50 చింతగింజలు లెక్కపెట్టి ముందు పెట్టుకోండి. పక్కన ఒక ఖాళీ గిన్నె కూడా పెట్టండి. గిన్నె ఎందుకో తర్వాత చెప్తాను.

ఒకరు ముక్కలు కలిపి పంచుతారు. పంచినవారి ఎడమ చేతి పక్క మనిషి ఒక గింజ మధ్యలో వెయ్యాలి. ఆ పక్క మనిషి రెండు గింజలు వెయ్యాలి. ముక్కలు చూడకముందే వెయ్యాలి, అది నియమం. ఇలా వేస్తేనే ఆట మొదలవుతుంది. తర్వాత ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు వస్తాయి. వాటిని బోర్లా పెట్టుకుని మీరొక్కరే చూసుకోవాలి.

ఇప్పుడు వరసగా ఒక్కొక్కరు ఒక మాట చెప్పాలి. ముక్కలు బాగా లేకపోతే ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. దీన్ని ఫోల్డ్ అంటారు. ముందువారు వేసినన్ని గింజలు మీరూ వేసి ఆటలో ఉండవచ్చు. అది కాల్. ఇంకా ఎక్కువ గింజలు వేసి పందెం పెంచవచ్చు. అది రేజ్. ఈ మూడు మాటలు వస్తే సగం ఆట వచ్చినట్టే.

అందరి మాటా అయ్యాక తువ్వాల మీద మూడు ముక్కలు తెరిచి పెడతారు. అవి అందరివీ. మళ్లీ పందెం. తర్వాత నాలుగో ముక్క, మళ్లీ పందెం. తర్వాత అయిదో ముక్క, మళ్లీ పందెం. చివరికి మిగిలినవారు ముక్కలు చూపిస్తారు. చేతిలో రెండు, తువ్వాల మీద అయిదు, మొత్తం ఏడు. ఆ ఏడింటిలో మంచివి అయిదు ఏరుకోవాలి. ఎవరి అయిదు పెద్దవైతే మధ్యలో ఉన్న కుప్ప వారిది.

ఏవి పెద్దవి, ఏవి చిన్నవి? కిందినుంచి పైకి చెప్పుకుందాం. ఏమీ కలవకపోతే ఎవరి దగ్గర పెద్ద ముక్క ఉంటే వారిది పైచేయి. దానికంటే జత పెద్దది. రెండు రాణులు ఉంటే జత. దానికంటే రెండు జతలు పెద్దవి. తర్వాత ఒకే అంకె ముక్కలు మూడు. తర్వాత వరస. 5, 6, 7, 8, 9 ఇలా వస్తే వరస. జాతి ఏదైనా ఫరవాలేదు. దానికంటే పెద్దది అయిదూ ఒకే జాతి ముక్కలు కావడం. దాని మీద మూడు ఒక అంకె, రెండు ఇంకో అంకె. దాని మీద ఒకే అంకె నాలుగు. అన్నిటికంటే పైన ఒకే జాతిలో అయిదు వరసగా రావడం.

మూడు ముక్కలాట తెలిసినవారికి ఇక్కడ ఒక తికమక ఉంటది. ఆ ఆటలో కలర్ కంటే సీక్వెన్స్ పెద్దది. పోకర్‌లో తిరగబడుతుంది. వరస కంటే ఒకే జాతి పెద్దది. ఎందుకంటే అయిదు ముక్కల్లో ఒకే జాతి కుదరడం ఎక్కువ కష్టం. ఏది అరుదుగా వస్తే అది పెద్దది, అంతే లెక్క.

ఈ ఆటలో తెలివి లేదని నేను అనను. ఉంది. ఒక లెక్క చూడండి. తువ్వాల మీద నాలుగు ముక్కలు తెరిచి ఉన్నాయి. మీ రెండింటితో కలిపి నాలుగు ఇస్పేట్లు అయ్యాయి. ఇంకొక్క ఇస్పేటు వస్తే అయిదూ ఒకే జాతి అవుతాయి. వస్తుందా? మీరు చూసినవి ఆరు ముక్కలు. చూడనివి 46. ఇస్పేట్లు మొత్తం 13లో నాలుగు కనబడ్డాయి. ఇంకా తొమ్మిది ఉన్నాయి. అంటే 46లో 9. దాదాపు అయిదుసార్లు ఆడితే ఒక్కసారి వస్తుంది.

ఎదుటివారు పందెం పెంచారు. మీరు 10 గింజలు వెయ్యాలి. కుప్పలో 20 ఉన్నాయి. వెయ్యాలా? అయిదుసార్లు ఇట్లాగే వేశామనుకుందాం. నాలుగుసార్లు పోతాయి, 40 గింజలు నష్టం. ఒకసారి వస్తాయి, 20 లాభం. కలిపితే 20 నష్టం. కాబట్టి ముక్కలు పడెయ్యాలి. అదే కుప్పలో 60 ఉంటే? నాలుగుసార్లు 40 నష్టం, ఒకసారి 60 లాభం. కలిపితే 20 లాభం. అప్పుడు వెయ్యవచ్చు. సంతలో బేరం చేసే మనకు ఈ లెక్క కష్టమేమీ కాదు. చాలామంది మగవాళ్లు ఈ లెక్క లేకుండానే ఆడుతారు. "ఈసారి వస్తుంది" అనుకుని వేస్తారు. ముక్కకు మన మీద జాలి ఉండదు కదా!

ఇంకొకటి ఉంది. బుకాయింపు. చేతిలో ఏమీ లేకపోయినా ఉన్నట్టు గింజలు ఎక్కువ వేస్తారు. ఎదుటివారు భయపడి తప్పుకుంటారు. ఎదురుగా కూర్చుంటే మొఖం చూసి కొంత పట్టవచ్చు. ఫోన్‌లో మొఖం లేదు. అక్కడ కూర్చున్నది ఒక మనిషా, ఒకే గదిలో కూర్చుని ముక్కలు చెప్పుకుంటున్న ముగ్గురా, మనకు కనబడదు.

ఇక గిన్నె సంగతి. ఆట మొదలుపెట్టేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి. ఎవరు గెలిచినా సరే, కుప్పలో 20 గింజలు ఉంటే అందులోంచి ఒక గింజ తీసి గిన్నెలో వెయ్యాలి. ఆ గింజ ఎవరిదీ కాదు. మళ్లీ ఆటలోకి రాదు. ఇట్లా 40 ఆటలు ఆడండి. ప్రతి ఆటలో కుప్ప 20 దాకా వచ్చిందనుకుందాం.

మొదట నలుగురి దగ్గర కలిపి ఎన్ని గింజలు? 200. గిన్నెలో ఇప్పుడెన్ని? 40. మరి నలుగురి దగ్గర కలిపి మిగిలినవి? 160.

ఒకరు బాగా ఆడి 80 గెలుచుకున్నారనుకోండి. మిగిలిన ముగ్గురి దగ్గర కలిపి 80 ఉన్నాయి. ఆ ముగ్గురూ 150 గింజలతో వచ్చారు. గెలిచినవారు వాళ్లవి 30 తీసుకున్నారు. గిన్నె 40 తీసుకుంది. అంటే గెలిచిన మనిషి కంటే గిన్నెకే ఎక్కువ వచ్చాయి. గిన్నె ముక్కలు చూడలేదు. పందెం కాయలేదు. ఒక్కసారి కూడా ఓడలేదు.

ఆ గిన్నె పేరే కంపెనీ. కుప్ప నుంచి తీసుకునే ఆ వాటాను రేక్ అంటారు. నూటికి అయిదు దాకా తీసుకోవడం ఈ ఆటలో మామూలు. వినడానికి కొంచెమే. కాని ప్రతి ఆటలోనూ తీస్తారు. మన తువ్వాల మీద 40 ఆటలకు సాయంత్రమంతా పడుతుంది. ఫోన్‌లో ముక్కలు కలిపే పని లేదు, పంచే పని లేదు. గంటలో 60 ఆటలు కూడా అయిపోతాయి. పైగా ఒకేసారి రెండు మూడు బల్లల మీద ఆడేవారున్నారు. గిన్నె ఎంత తొందరగా నిండుతుందో మీరే లెక్క వేయండి.

ఇది చాలదన్నట్టు సర్కారు పన్ను కూడా ఉండేది. 2023 ఏప్రిల్ నుంచి నికరంగా గెలిచిన పైసల్లో నూటికి 30 ముందే కోసుకునేవారు. 2023 అక్టోబరు నుంచి ఆటలో వేసే పైసల మీద నూటికి 28 జీఎస్టీ వచ్చింది. ఇన్ని కోతలు దాటి లాభం ఇంటికి తెచ్చేవాడు ఎంత గొప్ప ఆటగాడై ఉండాలి? మొన్న మొన్న నేర్చుకున్నవాడి వల్ల అయ్యే పనేనా?

మరి ఇది తప్పు కదా, సర్కారు ఏం చేస్తున్నది అని మీరు అడుగుతారు. దీనికి ఒక పాత కథ ఉంది. మన సికింద్రాబాద్‌లోనే మొదలైంది. అక్కడ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ అని ఉండేది. 1963 మే నెలలో పోలీసులు దాని మీద దాడి చేశారు. లోపల పైసలు పెట్టి రమ్మీ ఆడుతున్నారని కేసు పెట్టారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడు ముక్కలాట ఉత్త అదృష్టం అన్నది కోర్టు. రమ్మీలో మాత్రం పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, నేర్పు కావాలి, కాబట్టి అది వేరు అన్నది. కేసు నిలవలేదు.

తర్వాత యాభై ఏళ్లకు ఫోన్ ఆటల కంపెనీలు వచ్చాయి. అవి ఈ తీర్పునే అడ్డం పెట్టుకున్నాయి. "మాది నేర్పు ఆట, జూదం కాదు" అన్నాయి. పోకర్ కూడా నేర్పు ఆటే అన్నాయి. గుజరాత్ హైకోర్టు 2017లో దీన్ని ఒప్పుకోలేదు. వేరే కోర్టులు వేరేగా చెప్పాయి. కాని 1967 తీర్పులోనే ఇంకో మాట ఉంది. పందెం ఆట మీద క్లబ్బు నడిపేవాడు లాభం తీసుకుంటున్నాడని తేలితే అప్పుడు నేరం కావచ్చు అన్నది కోర్టు. అంటే మన గిన్నె సంగతి! ఆ మాటను కంపెనీలు పెద్దగా ఎత్తవు.

తెలంగాణ సర్కారు 2017లో పాత జూదం చట్టాన్ని మార్చింది. ఫోన్‌లో పైసలు పెట్టి ఆడే రమ్మీ, పోకర్ అన్నిటినీ జూదం కిందికి తెచ్చింది. నేర్పు ఆటైనా సరే, పైసలు పెడితే తప్పే అన్నది. అప్పటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ అడ్డు లేదు. సూర్యాపేటలో ఆడనివ్వని ఆట కోదాడ దాటి జగ్గయ్యపేట పోతే అదే ఫోన్‌లో తెరుచుకునేది. కొంతమంది అంత దూరం కూడా పోలేదు. ఫోన్ వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే దొంగ యాప్‌లు పెట్టుకుని ఇంట్లోనే ఆడారు. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో ఆపింది.

తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి ఒక చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం అయింది. నేర్పు ఆటా, అదృష్టం ఆటా అనే తేడా ఆ చట్టంలో లేదు. పైసలు పెట్టి ఆడించే ఆన్‌లైన్ ఆటలన్నీ వద్దన్నది. ఆడించేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జుల్మానా. ప్రచారం చేసేవారికి రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జుల్మానా. ఆడి పోగొట్టుకున్నవారిని ఈ చట్టం శిక్షించదు. మన తెలంగాణ చట్టంలో మాత్రం ఆడినవారికీ శిక్ష ఉంది. చట్టం చేసినప్పుడు కేంద్ర ప్రభుత్వం ఒక అంచనా చెప్పింది. ఈ ఆటల్లో జనం 20,000 కోట్ల రూపాయలకు పైగా పోగొట్టుకున్నారట. ఆ నెలలోనే పేరున్న కంపెనీలు పైసల ఆటలు ఆపేశాయి. కొన్ని కంపెనీలు చట్టం మీద కోర్టుకు పోయాయి.

పైసలు లేకుండా ఉత్తగా ఆడుకుంటే తప్పు లేదు. చింతగింజల ఆటకు ఏ పోలీసూ రాడు.

కంపెనీలు ఆపేసినా ఆశ పెట్టేవారు ఆగలేదు. వాట్సాప్‌లో ఒక లింకు వస్తుంది. "ఇది నొక్కండి, 500 బోనస్" అంటుంది. ప్లే స్టోర్‌లో ఉండదు, లింకుతోనే ఫోన్‌లోకి దిగుతుంది. కంపెనీ ఏ దేశంలో ఉందో తెలియదు. బోనస్ కనబడుతుంది, చేతికి రాదు. ఇంత ఆడితేగాని తీసుకోలేవు అంటుంది. మొదట ఉత్తుత్తి పైసలతో ఆడిస్తారు. గెలుస్తుంటే "నాకు ఆట వచ్చింది" అనిపిస్తుంది. ఉత్తుత్తి ఆటలో అందరూ చేతికొచ్చినట్టు వేస్తారు, అందుకే గెలుపు తేలిక. నిజం పైసల బల్ల దగ్గర మనకోసం కాచుకుని కూర్చునేవారు వేరు.

ఇప్పుడు మనం నేర్చుకున్న చదువుకు పని పెడదాం. ఆట ఫోన్‌లో దాగుతుంది గాని పైసలు దాగవు. ఎక్కడో ఒక చోట రాసి ఉంటాయి. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్‌లు చూడండి. ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. బడికి పోయే పిల్లలతో రెండు మాటలు గుర్తుపట్టడం నేర్చుకోండి. డెబిటెడ్ అంటే ఖాతా నుంచి పోయినట్టు. క్రెడిటెడ్ అంటే ఖాతాలోకి వచ్చినట్టు. పాసుబుక్కులో అయితే డీఆర్, సీఆర్ అని పొట్టిగా ఉంటది. నెలకొకసారి బ్యాంకుకు పోయి పాసుబుక్కులో ఎక్కించుకోండి.

పెద్ద మొత్తం కోసం వెతకకండి. చిన్నవి చూడండి. ఒక వారంలో ఇట్లా ఉందనుకుందాం. 500, 300, 500, 200, 700, 800. ఒక్కొక్కటి చూస్తే కిరాణా ఖర్చు లాగా ఉంది. కూడండి. 3,000 అవుతుంది. రాత్రి పదకొండు గంటలకు కిరాణా కొట్టు తెరిచి ఉంటుందా? అది అడగండి. తిట్టకుండా అడగండి. పొదుపు సంఘం కిస్తీ కట్టాల్సిన వారంలో ఇట్లా కనబడితే ఇంకా తొందరగా అడగండి. ఓడినవాడు ఆపడు. పోయినవి తెచ్చుకోవాలని ఇంకా వేస్తాడు. అక్కడినుంచి ఫోన్‌లో అప్పిచ్చే యాప్‌ల దగ్గరికి పోతాడు. పుస్తెలతాడు కుదువ పెట్టిన సంగతి ఆఖరున బయటపడుతుంది.

మీ పేరు మీద ఖాతా ఉంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఫోన్‌లో పైసలు పంపడానికే పిన్ నంబరు కొట్టాలి. పైసలు మనకు రావడానికి పిన్ అక్కరలేదు. "గెలిచిన పైసలు పడాలంటే పిన్ కొట్టు" అని ఎవరైనా అన్నారంటే అది మోసం. పిన్ కొడుక్కు కూడా చెప్పనక్కరలేదు. గ్రూపు లోను పడే ఖాతా అయితే అసలే చెప్పకండి.

ఒక అక్క నన్ను అడిగింది. "మా వాడు మానాలనుకుంటున్నాడు, మానలేకపోతున్నాడు. ఏం చెయ్యాలి?" అని. ఇది చెడ్డ బుద్ధి అని వదిలేసేది కాదు. తాగుడు లాగే ఇది కూడా పట్టుకునే జబ్బు. 14416 అని ఒక నంబరు ఉంది. దాని పేరు టెలి మానస్. సర్కారుదే, 2022లో మొదలైంది. పైసలు తీసుకోరు. తెలుగులో మాట్లాడవచ్చు. ఆడేవాడు చెయ్యకపోతే ఇంట్లోవారు చేసినా మాట్లాడతారు. అప్పుల వల్ల "చస్తాను" అనే మాట నోట వస్తే ఆ రోజే ఫోన్ చెయ్యండి. ఆ రాత్రి ఒంటరిగా వదలకండి.

ఆటలో ఓడిన పైసలు వేరు. మోసంలో పోయిన పైసలు వేరు. దొంగ లింకు నొక్కితే ఖాతా ఖాళీ అయినా, అప్పు యాప్‌వాళ్లు ఫోటోలు మార్చి బెదిరిస్తున్నా 1930 నంబరుకు ఫోన్ చెయ్యాలి. అది సైబర్ నేరాల నంబరు. ఆలస్యం చేస్తే పైసలు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోతూ ఉంటాయి. ఎంత తొందరగా చెప్తే వాటిని మధ్యలో ఆపడానికి అంత వీలు. ఫోన్ చేసేముందు కాగితం మీద ఇవి రాసి పెట్టుకోండి. బ్యాంకు పేరు. ఏ తేదీ, ఎన్ని గంటలకు పోయాయి. ఎంత పోయాయి. ఏ నంబరుకు పోయాయి. ఫోన్‌లో పంపిన ప్రతి మొత్తం పక్కన యూటీఆర్ అని 12 అంకెల నంబరు ఉంటది. దాన్ని ఒక్కొక్క అంకె చూసి రాయండి. రాశాక పక్కవారిని ఫోన్‌లో చూసి పైకి చదవమనండి, మీరు కాగితం మీద సరిచూసుకోండి.